తడిపితే ఊడే జిగురు

పోయిన నెల ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోజనాలు ముగించి, యాప్రాల్‌లో మా మనవడి ఫ్లాటు వరండాలో నేను కునికిపాట్లు పడుతుండగా, మా మునిమనవరాలు ఇంటి పాత బైబిలు ఒళ్ళో పెట్టుకుని కూచుంది. బళ్ళో వంశవృక్షం గీసుకు రమ్మన్నారట. ఆ బైబిలు మొదటి పేజీల్లో మా తాతగారి నాటి నుంచి ఇంట్లో పుట్టినవాళ్ళవీ, పెళ్ళయినవాళ్ళవీ, పోయినవాళ్ళవీ పేర్లన్నీ రాసి ఉంటాయి. ఎక్కడ పట్టి లాగిందో ఏమో, ముందు అట్టకు లోపలివైపు అతికించిన కాగితం ఒక మూల లేచి బెత్తెడు మేర చిరిగింది. పిల్ల భయపడి, ఎవరికీ చెప్పకుండా సొరుగులోంచి సెల్లో టేపు చుట్ట తెచ్చుకుంది. చర్రుమని టేపు లాగిన చప్పుడుకు నాకు మెలకువ వచ్చింది. ఆ తరవాత నేను అరిచిన అరుపుకు మనవడూ, వాడి భార్యా వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చారు, ముసలిది కింద పడిందనుకుని.

తొంభైకి దగ్గరపడ్డ మనిషి టేపు ముక్కను చూసి అంత కేక పెట్టడం వాళ్ళకు నవ్వులాటగా ఉంది. పిల్ల మాత్రం నవ్వలేదు, దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దగ్గరకు తీసుకుని, తప్పు నీది కాదమ్మా, ఆ కాగితాన్ని ఏనాడో నేనే తడిపి తీసి ఉండవలసింది అని చెప్పాను. వాళ్ళకది అర్థం కాలేదు. మీకు అర్థం కావాలంటే నేను డెబ్భై ఏళ్ళకు పైగా వెనక్కి నడవాలి, నా నడక ఇప్పుడు ఎటూ నిదానమే గనుక మీరు కాస్త ఓపిక పట్టాలి.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మన చిన్నప్పుడు జిగురంటే కొట్లో కొనుక్కునే వస్తువు కాదు. కవరు అంటించాలంటే కంచంలో మిగిలిన అన్నం మెతుకు, గాలిపటానికి ఇంట్లో కాచిన గంజి, మరీ దర్జాగా కావాలంటే తుమ్మబంక నీళ్ళలో నానేసి పెట్టుకున్న సీసా. ఆ సీసా మూత ఎప్పుడూ అంటుకుపోయే ఉండేది, దాన్ని తియ్యడానికి ఇంట్లో బలమైన వాళ్ళెవరో రావలసి వచ్చేది. జిగురులో కూడా ఇన్ని తరగతులున్నాయనీ, వాటికో మర్యాద, ఓ నీతి ఉన్నాయనీ నాకు నేర్పింది మా పక్క వాటాలో ఉండే చాచా.

మా వాళ్ళది గుంటూరు వైపు పల్లె. నాన్నగారు మిషను బడిలో పంతులు ఉద్యోగం దొరికి లష్కరుకు, అంటే సికిందరాబాదుకు వచ్చి, మోండా మార్కెట్ వెనక సందులో ఒక పెంకుటింట్లో సగం వాటా అద్దెకు తీసుకున్నారు. తక్కిన సగంలో చాచా ఉండేవాడు. ఆయన జిల్దుసాజు, అంటే పుస్తకాలకు జిల్దులు, మనం బైండింగులంటామే అవి, కట్టేవాడు, పాతవాటిని బాగుచేసేవాడు. స్వగ్రామం నల్లగొండ పక్క, ఇంట్లో మాట్లాడేది తెలుగే. భార్య చాలా ముందే పోయింది, ఒక్కతే కూతురు. నాకంటే మూడేళ్ళు పెద్దది, ఆమెను నేను ఆపా, అంటే అక్కా, అని పిలిచేదాన్ని. అక్కచెల్లెళ్ళు లేని నాకు ఆ మాటలో ఎంత తీపి ఉండేదో ఇప్పుడు చెప్పినా నమ్మరు. రెండు వాటాల పెరళ్ళ మధ్య నడుమెత్తు గోడ ఉండేది, దాని మీద నేను ఎక్కి దిగిన అరుగుదల చివరికి ఒక మెట్టులాగా పడింది.

చాచా దగ్గరకు అన్ని రకాల పుస్తకాలూ వచ్చేవి. బడి లైబ్రరీవి, చర్చి రిజిస్టర్లు, కీర్తనల పుస్తకాలు, ఖురాన్ ప్రతులు, ఏ జమీందారీ ఇంటివో చెదలు తిన్న దస్తావేజులు. దేవుడి పుస్తకం ఏది వచ్చినా, అది ఎవరి దేవుడిదైనా సరే, చేతులూ ముఖమూ కడుక్కుని వచ్చిగానీ ముట్టుకునేవాడు కాదు. ఆయన కళ్ళకు అప్పటికే శుక్లాలు కమ్ముతున్నాయి. పెద్ద జిల్దులు తడిమి కట్టగలిగేవాడు గానీ, సన్నటి చిరుగుల పని అంతా ఆపా చేతి మీదుగానే నడిచేది. బడి విడిచి రాగానే నేను గోడ దూకి వాళ్ళింట్లో పడేదాన్ని. ఆమె నాకు అతుకు నేర్పింది, నేను ఆమెకు తెలుగు అక్షరాలు నేర్పాను. ఇంట్లో తెలుగు మాట్లాడినా ఆమె చదువంతా ఉర్దూలో సాగింది, తన భాష తను రాసుకోవడం రాదన్న ఉక్రోషం ఆమెకు ఉండేది. నా పాత పలక మీద ఆమె దిద్దిన అక్షరాలు గుండ్రంగా రాక, అన్నీ కాస్త కుడివైపు ఒరిగి ఉండేవి.

జిగురు చెయ్యడం ఒక రోజు పని. మైదా పిండిని ముద్దగా కలిపి, మల్లు గుడ్డలో మూటకట్టి, నీళ్ళలో పిసికి పిసికి కడిగితే జిగట అంతా గుడ్డలో ఉండిపోయి తెల్లటి గంజి అడుగుకు చేరేది. పైన తేరుకున్న నీళ్ళు వంచేసి, ఆ అడుగుదాన్ని మట్టి మూకుడులో సన్నసెగ మీద గరిటె ఒకేవైపు తిప్పుతూ కాచేవాళ్ళం. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేస్తే కొంచెం నీలపు ఛాయ వచ్చేది. చల్లారాక రెండుసార్లు గుడ్డలో వడగట్టి, సన్నటి చిరుగుకు మజ్జిగలాగా, అట్ట కాగితానికి పెరుగులాగా నీళ్ళు కలుపుకునేవాళ్ళం. ఆ కాచే వాసన ఈనాటికీ ఎక్కడైనా తగిలితే నేను నడుస్తున్నదాన్ని అక్కడే ఆగిపోతాను.

వడ్రంగులు వాడే సరేసు ఉంటుంది కదా, తోళ్ళూ ఎముకలూ ఉడికించి చేసే గట్టి జిగురు, అది పెడితే ఇక ఊడదు కదా చాచా, ఇంత కష్టమెందుకని నేనొకసారి తెలివిగా అడిగాను. చాచా నవ్వాడు.

“ఊడాలె బిడ్డా, ఊడనీకే పెడుతున్నం. జిగురు ఎప్పటికీ కాయిదం కన్న కమ్‌జోర్ ఉండాలె. రేపు ఎవడన్న గుంజితే జిగురు ఊడాలె గని కాయిదం చిరగొద్దు. జెర తడి తగిలిస్తె ఊడి రావాలె. మనం చేసిన తప్పును మనెన్క వచ్చేటోడు దిద్దుకోవద్దా?”

అతుకు వేసే కాగితాన్ని కత్తెరతో కోయకూడదు. తడి కుంచెతో గీత గీసి, ఆ గీత వెంట మెల్లగా లాగితే అంచు నూగునూగుగా విడిపోతుంది, ఆ నూగే పాత కాగితంలో కలిసి కనపడకుండా పోతుంది. అన్నిటికన్నా ముందు చెయ్యవలసింది సిరా పరీక్ష. కాగితం మీద ఎన్ని సిరాలుంటే అన్నిసార్లు, తడి దూదిపోగు ఒక మూల ఆనించి, ఆ తడి మీద తెల్ల గుడ్డ అద్ది రంగు దిగుతుందేమో చూడాలి. దీపపు మసితో చేసిన సిరా నీళ్ళకు చలించదు. రంగు సిరాలను నమ్మడానికి లేదు.

ఇక చివరిది ఆ ఇంటి ఆనవాయితీ. నేను ఆ తరవాత ఎంతమంది పనివాళ్ళను చూసినా ఇది మరెక్కడా చూడలేదు. పుస్తకం అంతా బాగుచేశాక, అట్టకు లోపలి కాగితం అతికించే ముందు, ఆ కాగితం వెనకవైపు, అంటే అతికితే ఇక ఎవరికీ కనపడని వైపు, బాగుచేసినవాళ్ళు తమ పేరు రాసి, కింద ‘భూల్ చూక్ మాఫ్’ అని రాసేవాళ్ళు. తప్పుంటే మన్నించమని. ఏ యాభై ఏళ్ళకో మరో పనివాడు తడిపి తీసినప్పుడు అది చదువుతాడు, మనసులో సరేనంటాడు, తన పేరు రాసి మళ్ళీ మూస్తాడు. చాచా తండ్రి పేరు అలా ఒకసారి మా చేతికే వచ్చింది. ఆ రోజు చాచా పని ఆపేసి చాలాసేపు ఆ కాగితాన్ని వేళ్ళతో తడుముతూ కూచున్నాడు.

నాది పుర్రచెయ్యి. బళ్ళో దానికి ఎన్ని దెబ్బలు తిన్నానో లెక్కలేదు గానీ, ఆ ఇంట్లో మాత్రం అది ముద్దుగానే చెల్లింది. మైదా జిగురు ఆరిన తరవాత వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే కుంచె వెంట్రుకల సన్న గీతలు కనిపిస్తాయి. అందరివీ ఒకవైపు వాలితే నావి రెండోవైపు వాలేవి. నేను వేసిన అతుకును ఆపా అలా ఎత్తి చూసి, “ఇది మా పుర్రచెయ్యి పిల్లదే” అని వీపు మీద ఒక చరుపు చరిచేది.

ఆపాకు పెళ్ళయి వెళ్ళిపోయిన ఏడాదే కాలం బిగుసుకోసాగింది. ఆమె భర్త, వాళ్ళ పద్ధతిలో నేను దూల్హా భాయ్ అనేదాన్ని, జిల్లాలో ఒక తాలూకా కచేరీలో గుమాస్తా, నెమ్మదస్థుడు. మరుసటేడు వేసవిలో రజాకార్ల పేరు చెబితే మా సందులో పగలే తలుపులు పడేవి. అమ్మ మమ్మల్ని తీసుకుని గుంటూరు వెళ్ళిపోదామని నాన్నగారిని పోరేది. చాచా తన ముక్కాలిపీట తెచ్చి మా గుమ్మం ముందు వేసుకుని అక్కడే కూచుని దారం పేనుకునేవాడు, ఎందుకని అడిగితే ఇక్కడ గాలి మంచిగుందనేవాడు. సెప్టెంబరులో పోలీసు చర్య మొదలై నాలుగైదు రోజుల్లో ముగిసింది. రేడియో ఉన్న ఇంటి ముందు జనం మూగారు, మా ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం, అబద్ధమెందుకు, సంతోషించాం. అమ్మ పరమాన్నం వండింది. ఎప్పటిలాగే గిన్నెలో పెట్టుకుని గోడ దాకా వెళ్ళి, పక్క ఇల్లు చడీ చప్పుడూ లేకుండా ఉండడం చూసి, ఇవ్వాలో కూడదో తెలియక నిలబడిపోయింది. ఆ మర్నాటి నుంచి నాన్నగారు పత్రిక పట్టుకుని వెళ్ళి వాళ్ళ గుమ్మంలో కూచోవడం మొదలుపెట్టారు.

పది పన్నెండు రోజులకు, జోరువానలో ఆపా, దూల్హా భాయ్ ఒక రేకు పెట్టెతో వచ్చారు. వాళ్ళున్న ఊళ్ళో ఏం జరిగిందో, దారిలో ఏం చూశారో ఆపా నాకు చెప్పలేదు, నేను అడగలేదు. మనిషి సగమైంది. దూల్హా భాయ్ తన ఉద్యోగపు హుకుంనామాను, అంటే నౌకరీ ఇచ్చినట్టు సర్కారు ఇచ్చిన కాగితాన్ని, నాలుగు మడతలు పెట్టి షేర్వానీ లోపల కుట్టుకుని తెచ్చుకున్నాడు. వానకు నాని, మడతల వెంట అది నాలుగు ముక్కలైంది. కొత్త సర్కారు వాళ్ళు పాత ఉద్యోగుల్లో ఎవరిని ఉంచాలో తేల్చడానికి అసలు హుకుంనామాలు చూపించమంటున్నారు. ఆయనకు నాలుగు రోజుల గడువు మిగిలి ఉంది. ఆయన అన్నగారు అప్పటికే కరాచీకి ప్రయాణం కట్టి, వీళ్ళను కూడా రమ్మని కబురు మీద కబురు పెడుతున్నాడు. నౌకరీ నిలిస్తే ఇక్కడ, లేకపోతే అక్కడ, అంతే.

“నాకు యాడికీ పోవుడు లేదు,” అంది ఆపా, ఆ ముక్కలను అద్దం పలక మీద పరుస్తూ. “నాయిన కండ్లు చూసినవ్ గద. ఇడిసిపెట్టి ఎట్ల పోత? గీ కాయిదం నిలబడితే సాలు.”

ఆ మధ్యాహ్నం మేమిద్దరం పనికి కూచున్నాం. రాత నల్ల సిరా, పరీక్ష చేస్తే చలించలేదు. కింద సంతకం పక్కన, సరిగ్గా మడత మీదుగా, కచేరీ ముద్ర ఊదా రంగులో ఉంది. ఆపా దాని అంచున దూదిపోగు ఆనించి, రంగు అంటడం చూసి పెదవి విరిచింది. కాగితాన్ని బోర్లా తిప్పి, వెనకవైపు నుంచి మూడు అతుకులూ మామూలుగా వేసింది. ముద్ర వెనక పడే నాలుగో అతుకుకు మాత్రం జిగురును దాదాపు తడి లేకుండా చేసి, వేలికొనతో అద్ది, పైన పల్చటి కాగితపు పట్టీ ఆనించింది. అది ఆరేలోపల సాయంత్రం చేసే అసర్ నమాజుకు వేళైంది. “నేనొచ్చెదాక ముట్టకు” అని చెప్పి లోపలికి వెళ్ళింది.

నేను ఒక్కదాన్నే కూచున్నాను. ఆ నాలుగో పట్టీ కొస కొంచెం కొంచెంగా పైకి చుట్టుకోవడం మొదలుపెట్టింది. తడి చాలలేదు, ఇలాగే ఆరితే రేపు కచేరీలో మడత విప్పగానే ఊడుతుంది, ఆపా బతుకంతా ఈ కొస మీద ఉంది అనుకున్నాను. పదహారేళ్ళ పిల్లను, పని వచ్చునన్న పొగరు ఉంది, ఆపా కష్టం తీర్చాలన్న తాపత్రయం అంతకంటే ఎక్కువ ఉంది. మూకుడులోంచి ఒక్క కుంచె జిగురు తీసుకుని ఆ పట్టీ మీద రాశాను. ఒకే ఒక్క కుంచె. అది బుద్ధిగా అణిగింది, నేను మురిసిపోయాను. రెండు నిమిషాలకు పట్టీ చుట్టూ ఊదారంగు తేలింది, నేరేడుపండు చిదిమితే గుడ్డకు ఎక్కినట్టు. తిప్పి చూసే ధైర్యం నాకు లేకపోయింది. మీద అద్దుడు కాగితం వేసి, దాని మీద గుడ్డ చుట్టిన రాళ్ళు పేర్చాను. ఆపా వచ్చి, బరువు పెట్టినవా, మంచిదే అంది. నేను తల ఊపి, అమ్మ పిలుస్తోందని గోడ దూకాను.

మర్నాడు పొద్దున బరువు తీసినప్పుడు నేను కూడా అక్కడే ఉన్నాను. ఉండకపోతే బాగుండేదేమో. రాత అంతా చక్కగా నిలిచింది, నాలుగు ముక్కలు ఒక్కటయ్యాయి. ముద్ర ఉండవలసిన చోట మాత్రం అరచేతంత ఊదా మరక. ఆపా దాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి, ఇటు తిప్పి, అటు తిప్పి చూసింది. తరవాత తండ్రి వైపూ భర్త వైపూ తిరిగి చాలా మామూలుగా చెప్పింది. “నా చేతిలనే తడి ఎక్కువైంది. ముద్ర పోయింది.”

నేనే అన్న మాట గొంతు దాకా వచ్చింది. నోరు తెరిచాను కూడా. దూల్హా భాయ్ గోడకు జారబడి కూచుని ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు, చాచా కనపడని కళ్ళతో కూతురి భుజం కోసం వెతుక్కుంటున్నాడు. ఆ మాట లోపలికే పోయింది. ఆ రోజు చెప్పలేనిది మర్నాడు చెబుదామనుకున్నాను, మర్నాడు మరింత బరువైంది. కచేరీలో ఆ కాగితాన్ని చూసి, ముద్ర లేని హుకుంనామా చెల్లదు, జిల్లా నుంచి నకలు తెప్పించుకోమన్నారట. జిల్లాలో ఆ కాగితాలు ఎక్కడున్నాయో చెప్పేవాడే లేడు. ముద్ర చెదరకపోతే ఆయన ఉద్యోగం నిలిచేదని నేను ప్రమాణం చెయ్యలేను, ముద్రలున్నవాళ్ళకు కూడా పోయిన కాలమది. కానీ చెదరగొట్టింది నేనన్నది మాత్రం ప్రమాణం చేసి చెప్పగలను.

రెండు నెలలు తిరిగి తిరిగి దూల్హా భాయ్ విసిగిపోయాడు. బొంబాయి దాకా రైలు, అక్కడి నుంచి ఓడ అని నిశ్చయమైంది. చాచా రానన్నాడు, ఈ ఊరు తడుముకుంటూ తిరగగలను, ఆ ఊరు తిరగలేనన్నాడు. వెళ్ళేముందు వారం రోజుల్లో ఆపా మా ఇంటి బైబిలు అడిగి తీసుకుంది. దాని వీపు చెదలు తిని చాలాకాలమైంది. తోలు వీపు వేసి, మడతలు కుట్టి, అట్టలు మార్చి, వెళ్ళే రోజు పొద్దున గోడ మీదుగా నా చేతికిచ్చింది. “అట్ట కాయిదం ఎప్పుడన్న లేస్తె నువ్వే తడి చెయ్యి. వేరేటోళ్ళ చేతికి ఇయ్యకు,” అని నా చెంప మీద చెయ్యి వేసింది. ఆ చేతికి మైదా వాసన. అప్పుడైనా చెప్పి ఉండవలసింది. స్టేషనుకు కూడా వెళ్ళాను, రైలు కదిలేదాకా చెప్పవలసిన మాట తప్ప అన్నీ మాట్లాడాను.

ఏడాదికి కరాచీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది, తెలుగులో, అవే కుడివైపు ఒరిగిన అక్షరాలు. ఇల్లు దొరికిందనీ, సముద్రపు గాలికి జిగురు ఆరడం లేదనీ, నాయనను చూస్తుండమనీ రాసి, మధ్యలో ఒకసారి, మళ్ళీ చివర ఒకసారి అడిగింది. జిల్దు ఎట్లున్నది, అట్ట కాయిదం లేసిందా అని. పనివాళ్ళు తాము చేసిన పని గురించి అడగడం మామూలే అనుకున్నాను. జవాబు రాయడానికి ఎన్నిసార్లు కూచున్నానో చెప్పలేను. ‘ఆపా, ఆ కుంచె నాది’ అని మొదలుపెట్టకుండా మరేమి రాసినా అబద్ధమే అవుతుంది, ఆ వాక్యం రాశాక తక్కినది రాయడానికి చెయ్యి వచ్చేది కాదు. చించేసేదాన్ని. ఒక నెల ఆరు నెలలైంది, ఆరు నెలలు ఆరేళ్ళయ్యాయి. చాచా పోయినప్పుడు ఆయన బంధువులెవరో అక్కడికి కబురు పంపామన్నారు. ఆమె నుంచి మరో ఉత్తరం రాలేదు, రావలసిన అవసరం కూడా లేదు, జవాబు బాకీ నాదే కదా.

చాచా చలవ వల్ల నాకు ఒక గ్రంథాలయంలో పాత పుస్తకాలు బాగుచేసే ఉద్యోగం దొరికింది, ముప్పై ఏళ్ళు చేశాను. పారదర్శకంగా మెరిసే టేపు మొదటిసారి వచ్చినప్పుడు మా తోటివాళ్ళందరూ సంబరపడ్డారు, క్షణంలో అతుకు. పదేళ్ళు తిరిగేసరికి ఆ టేపు ముక్కలు పసుపై, గోధుమరంగై, కాగితంలోకి నూనెలాగా దిగి, తీస్తే అక్షరాలను తమతో లాక్కుపోయేవి. అది చూసిన కళ్ళు కనుకనే ఆ ఆదివారం అంత అరుపు అరిచాను. ఇన్నేళ్ళలో కొన్ని వేల అట్ట కాగితాలు ఈ చేతులతో తడిపి తీశాను, కానీ ఇంట్లో ఉన్న ఆ ఒక్కదాన్ని ముట్టలేదు. దాని కింద ఆపా పేరు ఉంటుంది, పేరు కింద ‘తప్పుంటే మన్నించు’ అని ఉంటుంది. తప్పు చేసిన నేను బయట నిలబడి, ఏ తప్పూ చెయ్యని మనిషి నన్ను మన్నించమని అడగడం చదవాలా అని, దాన్ని అలాగే ఉంచేశాను.

ఇప్పుడది చిరిగింది గనుక తియ్యక తప్పదు. మనవడి భార్య యూట్యూబులో చూసి చేస్తానంటే వద్దని, పక్కన కూచుని నేనే మైదా కడిగించాను. నా చేతులు ఇప్పుడు వణుకుతాయి, అందుకని మునిమనవరాలి చేత తడి దూది వేయించాను. దూది పెట్టి ఊరుకోవాలి, తొందరపడకూడదు, కాగితం తనంతట తాను సరేననాలి అని చెప్పాను. పావుగంటకు చాచా ఇచ్చిన ఎముక బద్ద దాని వేళ్ళకిచ్చి అంచు లేపించాను. డెబ్భై ఏళ్ళు దాటిన జిగురు, ఒక్క పోగు చిరగకుండా వదిలింది. ఇంత మంచి జిగురు కాచిన మనిషిని తలుచుకుని నాకు ముందుగా గర్వమే కలిగింది.

వెనకవైపు దీపపు మసి సిరాతో రాసి ఉంది. నీళ్ళకు చలించని సిరా. ఎప్పుడూ ఉర్దూలో రాసే మనిషి తెలుగులో రాసింది, నేను చదవాలని. పిల్ల తెలుగు పీరియడ్‌లో చదివినట్టు ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ పైకి చదివింది. మొదట ఆమె పేరు. దాని కింద, “చెల్లె, కుంచె గీత ఎడమ దిక్కుకెల్లి ఉన్నది. బరువు తీసిన పొద్దుగాలనే ఎరుక. మాఫ్ చేసిన. ఇది చదివితె నాకు ఉత్తరం రాయి.”

కిటికీ దగ్గర ఆ కాగితాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూసినప్పుడే ఆమెకు తెలుసు. తెలిసీ నా తప్పు తన చేతి మీద వేసుకుంది. నేను మొహమాటపడకుండా ఒంటరిగా చదువుకునే చోట నాకు మన్నింపు రాసిపెట్టి వెళ్ళింది, ఆ తరవాత అంత దూరం నుంచి, చదివావా అని రెండుసార్లు అడిగింది. కాస్త తడి తగిలిస్తే ఊడి వస్తుందని నాకు తెలుసు. ఆ విద్యతోనే ముప్పై ఏళ్ళు అన్నం తిన్నాను. నా ఇంట్లో, నా మంచం పక్క అల్మరాలో ఉన్నదానికి ఒక చుక్క నీళ్ళు పెట్టలేకపోయాను.

“ఉత్తరం ఎవరికి రాయమన్నారు తాతమ్మా?” అని పిల్ల అడిగింది. ఎవరికో చెప్పాను గానీ, ఎక్కడికో చెప్పలేకపోయాను. ఆ ఉత్తరం మీది చిరునామా ఇల్లు ఇప్పుడు ఉందో లేదో, ఆమె ఉంటే నాకంటే మూడేళ్ళు పెద్దది. మనవడు ఫోనులో వెతుకుదామన్నాడు, ఏ పేరుతోనైనా ఎక్కడున్నవాళ్ళనైనా పట్టుకోవచ్చునట. పట్టుకోవచ్చునేమో. ఇప్పుడు లష్కరులో జిల్దుసాజు ఏడీ అంటే ఎవరూ చూపించలేరు, మా సందులో ఆ నడుమెత్తు గోడా లేదు, పెంకుటిల్లూ లేదు, మైదా కాగే వాసనా లేదు. ఏదైనా చిరిగితే క్షణంలో అంటించేస్తున్నారు, లేకపోతే పారేసి కొత్తది తెప్పించుకుంటున్నారు. ఆ సౌకర్యాన్ని నేను తిట్టడం లేదు, నాకు మాత్రం ఆ గోడ మీద ఇంకొక్కసారి ఎక్కి, ఆపా అని పిలవాలని ఉంది.

కాగితాన్ని మళ్ళీ అతికించే ముందు, ఆనవాయితీ ప్రకారం బాగుచేసినవాళ్ళు రాయాలి కదా, మసి సిరా దొరకక మనవడు తెచ్చిచ్చిన, తడికి చెదరని నల్లసిరా కలంతో, మునిమనవరాలి పేరు దాని చేతే రాయించి, నా పేరు నేను రాశాను. భూల్ చూక్ మాఫ్ అని రాశాను. ఆ తరవాత, ఆమె రాత కింద మిగిలిన కొంచెం చోటులో, వణికే ఎడమచేత్తో ఈ మాటలు రాసి, జిగురు పూయించి, అట్ట మూసి, రాళ్ళు పేర్చాను.

ఆపా, ఆ కుంచె నాది. అట్ట కాయిదం ఇవాళ లేచింది.